చంద్రుడి మీద ఏడోసారి

మనిషి చంద్రుడి మీద ఒక్క ఏడాదిలో ఏడుసార్లు దిగాడు. ఈ సంగతి లోకానికి తెలియదు, మా కుటుంబానికి మాత్రమే తెలుసు. ఏడుసార్లూ పొద్దున ఆరింటికే దిగాడు, అదీ సోగత్తూరులో ఉండే మా పెదనాయన గొంతులో.

పెదనాయన అంటే మా నాయనకు అన్న. తమిళనాడులో ధర్మపురి చుట్టుపక్కల నలభై ఏళ్ళపాటు పెండ్లికీ, జాతరకీ, చెవులు కుట్టే వేడుకకీ మైక్ సెట్ కట్టిన మనిషి. ఆయన పాట పెట్టాడంటే పక్క ఊళ్ళో పసిపిల్లలు కూడా లేచి కూర్చునేవాళ్ళు. తరవాత పెద్ద పెద్ద నల్లపెట్టెలు, రంగు దీపాలు వేసుకొని డీజేలు వచ్చారు. పెదనాయన గొట్టాల స్పీకర్లు అటకెక్కాయి. అలవాటైన నోరు కాబట్టి అది మాత్రం అటకెక్కలేదు. ఎవరో పుణ్యాత్ముడు ఆయనకొక ఫోను కొనిచ్చి, మా కుటుంబం గ్రూపులో చేర్చాడు. ఆ పుణ్యాత్ముణ్ణి నేనే. ఎవరిని తిట్టుకోను?

రోజూ ఆరింటికి ఫోను గుయ్యిమనేది. "సొంతక్కారులందరికీ వణక్కం! ఈ దినం ఏమి దినం?" అని మొదలుపెట్టేవాడు. సొంతక్కారులంటే చుట్టాలు, మాకు అంటుకున్న తమిళం. ముందు ఒక చరిత్ర, తరవాత ఒక జోకు, చివర ఒక పాట సంగతి. మధ్యలో టీ జుర్రిన చప్పుడు. అంతా గొంతే, అక్షరం ముక్క ఉండదు. ఎందుకంటే మేము ఇంట్లో తెలుగూ వీధిలో తమిళమూ మాట్లాడే జాతి. తెలుగు అక్షరం చదవగలిగినవాళ్ళు మావాళ్ళలో వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. అందులో ఒక వేలు నాది. ఐదో తరగతి అయ్యాక హోసూరులో మేనత్త ఇంట్లో ఉండి తెలుగు బడిలో చదివాను. ఆ పొగరు ఇప్పటికీ దిగలేదు.

చరిత్ర సంగతి చెప్పాను కదా, చంద్రుడితో సరి. జోకు సంగతి ఇంకా ఘోరం. పెదనాయన చెప్పిన ఏ జోకూ చివరిదాకా విన్నవాళ్ళు లేరు. "ఒకడు పిలవని పెండ్లికి పోయినాడు. భోజనం పంక్తిలో కూర్చున్నాడు. ఒకాయన వచ్చి, నువ్వు పెండ్లికొడుకు వైపా, పెండ్లికూతురు వైపా అని అడిగినాడు. దానికి వాడేమన్నాడంటే..." అని ఆగేవాడు. ఆగి నవ్వేవాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగేది, దగ్గు నీళ్ళ చెంబు దగ్గర ఆగేది. నీళ్ళు తాగి, "సరి, ఇప్పుడు పాట" అనేవాడు. ఆ పెండ్లిలో కూర్చున్నవాడు ఏమన్నాడో ఏడాదిగా ఎవరికీ తెలియలేదు.

పాట సంగతి మాత్రం వేరే. "ఈ పాట పిక్కిలి జాతరలో వేసినాను. సూది ఇరుక్కుపోయింది. ఒకే ముక్క తిరిగి తిరిగి వస్తా ఉంటే, పాటే అట్లని జనం చేతులు తట్టినారు. ఇంకో ఏడు మళ్ళా పోతే, అట్లనే వెయ్యి అని పట్టుపట్టినారు" అనేవాడు. ఆపైన రెండు ముక్కలు పాడి చూపేవాడు, శ్రుతి ఏ ఊళ్ళో ఉందో ఆయనకే ఎరుక.

ఇదంతా ఎవరు వినేవాళ్ళంటారా? గ్రూపులో సగం మంది వినకుండానే దండం బొమ్మ పెట్టేవాళ్ళు. మిగిలిన సగం మంది వాళ్ళను చూసి పెట్టేవాళ్ళు. నిజంగా వినేది మా అమ్మ ఒక్కతే. ఆమెకు చూపు దాదాపు పోయింది. గోడ గడియారం కనబడదు, కాలెండరు కనబడదు, కిటికీలో వెలుగు కూడా వచ్చీ రానట్టుగానే. ఫోను చెవికి ఆనించుకొని బావ గొంతు చివరిదాకా విని, "సరి, తెల్లారింది" అని కాళ్ళు మంచం దించేది. ఆ గొంతు వస్తేనే మా అమ్మకు పొద్దు. అది తెలిసీ నేను చేసిన పని చెప్తాను, వినండి.

నాది హరూరులో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా పని. జనం తెచ్చే కాగితాల్లో పుట్టిన తేదీలు సరిచూసే బల్ల. ఈ కార్డులో ఒక తేదీ, ఆ కార్డులో ఒక తేదీ ఉంటే నా చేతిలోంచి కాగితం ముందుకు కదలదు. "ఏది నిజం? తేల్చుకొని రండి" అంటాను. ఎంత ముసలివాళ్ళైనా సరే, ఎంత దూరం నుంచి వచ్చినా సరే. తేదీ అంటే తేదీ. ఈ రోగం ఆఫీసులో వదిలి ఇంటికి వచ్చే రకం కాదు. మా ఇల్లు ఉండే ధర్మపురిలో బస్సెక్కి కూర్చోగానే పెదనాయన చరిత్రను ఫోనులో వెతికి తప్పు పట్టేవాణ్ణి. పట్టి ఊరుకుంటే మనిషిని. ఫోనులో దొరికిన అసలు తేదీని ఫోటో తీసి, దాని కింద ఎర్రగీత గీసి, గ్రూపులో పెట్టేవాణ్ణి. తప్పు దొరికిన రోజు బస్సులో నిలబడి పోయినా నాకు కాళ్ళు నొప్పి పుట్టేవి కావు. ఒకసారి తేనె ఎన్నేళ్ళైనా చెడదు అన్నాడు. వెతికితే నిజమే. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు.

"ఆ ముసలాయన ఏమో చెప్పుకుంటాడు, మీకేమి నష్టం?" అని నా భార్య ఎన్నిసార్లో అన్నది. నష్టం లేకపోవడమేమిటి, చరిత్ర పాడైపోతోంది కదా అన్నాను. "చరిత్ర మీ ఆఫీసుకు వచ్చి మనవి పెట్టిందా?" అని లోపలికి పోయింది.

ఇట్లా సాగుతూ ఉండగా ఒక పొద్దున పెదనాయన జోకు చెప్పలేదు, నవ్వలేదు. "సొంతక్కారులందరికీ చెడ్డ సమాచారం" అన్నాడు. ఒక గాయని పేరు చెప్పాడు. మా అమ్మ కాలంలో ఇంటింటా వినబడిన గొంతు అది. "తల్లి పోయింది" అని ఏడ్చేశాడు. టీ జుర్రిన చప్పుడు కూడా లేదు. గ్రూపు నిండా దండాలు, కన్నీళ్ళు, దీపాలు. మా అమ్మ మంచం దిగి, తడుముకుంటూ పెరట్లోకి పోయి, తలకు పోసుకుంది. ఆమె పెండ్లిలో పెదనాయన మొదట వేసిన రికార్డు ఆ గాయనిదేనట. తడి తల తుడుచుకోకుండా, కాఫీ ముట్టకుండా గోడకు ఆనుకొని కూర్చుంది.

నేను బస్సులో వెతికాను. ఆ మహాతల్లి శుభ్రంగా ఉంది. ముందు రోజు ఆమె పుట్టినరోజు. కాబట్టి టీవీలో సాయంత్రమంతా ఆమె పాటలే వేశారు. పెదనాయన లెక్కేమిటంటే, టీవీవాళ్ళు ఒకరి పాటలే వరసపెట్టి వేశారంటే ఆ మనిషి పోయినట్టే. చావింటికి పిలిస్తే ఒకే రకం పాటలు వరసగా వేయడం మైక్ సెట్ కట్టినవాడికి అలవాటు. టీవీవాడూ తనలాంటివాడే అనుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మా అమ్మ తడి తల గుర్తొచ్చి మండిందని అందరితో చెప్పుకున్నాను. అందులో సగమే నిజం. మిగతా సగం, ఇంత పెద్ద తప్పు దొరికిందన్న సంబరం. హరూరు బస్టాండులో దిగి, కండక్టరు విజిల్ వెనక మోగుతూ ఉండగా, నేనూ గొంతుతోనే పెట్టాను. "పెదనాయనా, ఆమె బతికే ఉంది. రేపు నువ్వు నన్ను కూడా చంపేస్తావు. నీకు దండం పెడతాను, చరిత్రను ఇంక వదిలిపెట్టు. దానికి నువ్వు చేసింది చాలు."

గ్రూపు పకపకా నవ్వింది. నవ్వు బొమ్మలు అన్ని ఒకేసారి నేనెప్పుడూ చూడలేదు. ఆఫీసులో మధ్యాహ్నం దాకా వాటిని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు ఆరింటికి ఫోను మోగలేదు. ఆ మర్నాడూ మోగలేదు. మూడోనాడు నేను ఆఫీసుకు బయలుదేరుతూ చూస్తే అమ్మ ఇంకా పడుకునే ఉంది.

"లేవవేమి అమ్మా?"

"తెల్లారిందా? బావ చెప్పలేదే."

"ఎనిమిదైంది."

"నువ్వు చెప్తే ఎట్ల నమ్మేది? నువ్వు ఏడింటికే ఎనిమిది అని తొందరపెట్టే మనిషివి" అన్నది. లేచింది, కానీ కాఫీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకొని కూర్చుంది. ఫోను ఒళ్ళో పెట్టుకొని, మధ్య మధ్య దాన్ని తడిమి చూసుకుంది. అది చూశాక తప్పు ఒప్పుకోవాలి కదా, లేదు. దానికి బదులు, ఆ పని నేనే చేస్తే పోలా అనుకున్నాను. నిజమైన తేదీలతో, నిజమైన చరిత్రతో.

చేశాను. నాలుగు రోజులు, సరిగ్గా ఆరింటికి. ప్రతి ముక్కా రెండు చోట్ల సరిచూసి చెప్పాను. ఏ దేశం ఏ దేశంతో సంధి చేసుకుందో చెప్పాను. ఆక్టోపస్‌కు మూడు గుండెలుంటాయని చెప్పాను. ఆ పెండ్లి జోకు కూడా మొత్తం చెప్పాను: "పెండ్లికొడుకు వైపా, పెండ్లికూతురు వైపా అంటే, 'నేను భోజనాల వైపు' అన్నాడట." ఒక్క నవ్వు బొమ్మ రాలేదు. ఏడాదిగా గ్రూపంతా ఎదురుచూసిన ముక్క! ఎవరో ఒక బొటనవేలు పెట్టారు. అది కూడా చేయి తగిలి పడినట్టుంది, కాసేపటికి తీసేశారు.

అమ్మ అంతా విని, "ఇంతేనా?" అన్నది.

"ఇంతే. జోకు అయిపోయింది."

"బావ చెప్తే అయిపోయేది కాదు" అన్నది. ఫోను పక్కన పెట్టి, "ఆ సంధి చేసుకొన్నోళ్ళు మనకు ఏమవుతారు?" అని అడిగింది. ఏమీ కారన్నాను. "మరి మనకెందుకు నాయనా, పొద్దున్నే?" అని అటు తిరిగి పడుకుంది.

ఆదివారం సోగత్తూరు పోయాను. పోనని మొండికేస్తే నా భార్య చెప్పులు తెచ్చి గడప బయట పెట్టింది. అంతకంటే తెలివిగా ఇంట్లోంచి గెంటినవాళ్ళను నేను చూడలేదు.

పెదనాయన వరండాలో కూర్చొని వక్క కత్తిరించుకుంటున్నాడు. అటక మీది స్పీకర్లలో ఒకటి కిందికి దించి ఉంది. దాని గొట్టంలో ఒక కోడి పొదుగుతూ కూర్చుంది. నన్ను చూసి అది లేవలేదు, ఆయనా లేవలేదు.

"వచ్చినావా చరిత్ర సారూ" అన్నాడు.

"అమ్మ అడుగుతా ఉంది, బావ గొంతు ఎందుకు రాలేదని."

"నువ్వు చెప్తా ఉండావు కదా. మూడు గుండెకాయల చేప కథ విన్నాను, బాగుంది. నాకు ఉండేది ఒక్క గుండెకాయే. దాన్నీ నువ్వు పదిమందిలో పొడిచినావు."

ఆ మాట అనేటప్పుడు ఆయన నవ్వలేదు, వక్క మీంచి కళ్ళెత్తలేదు. నాకు సిగ్గేసింది. సిగ్గేస్తే నేను వాదనకు దిగుతాను. అది నా పుట్టుబుద్ధి. అసలు ఇవన్నీ ఎక్కడి నుంచి తెస్తున్నావు అని నిలదీశాను. ఆయన లేచి పోయి, రికార్డులు పెట్టుకొనే పాత రేకుపెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. తెరిస్తే రికార్డులు లేవు. దినం దినం చింపే కాలెండరు కాగితాలు. వెనక చిన్న అక్షరాల్లో ఏదో ఒక విశేషం అచ్చువేసి ఉంటుంది, అవి. ఏనాటివో ఏళ్ళ తరబడి కుప్ప. విభూతి మడిచినవి, మందుబిళ్ళలు చుట్టినవి, పసుపు అంటినవి.

"పొద్దున చెయ్యి పెట్టి తీస్తాను. ఏది వస్తే అది ఆ దినం" అన్నాడు.

"అయ్యో పెదనాయనా! ముందువైపు తేదీ ఉంది కదా, చూడవా?"

"అది చింపేసిన దినంరా. అయిపోయింది. వెనక ఉండేది కదా సంగతి."

"తేదీ తప్పైతే సంగతీ తప్పే. ఏ పనికైనా తేదీ ముఖ్యం" అని, బల్ల దగ్గర జనానికి చెప్పే గొంతుతోనే చెప్పాను.

"అట్లనా?" అన్నాడు. "సరి, నీ పుట్టిన దినం ఏమి?"

టక్కున చెప్పాను. తేదీ, నెల, ఏడు. నా సర్వీసు పుస్తకంలో ఉన్నది, నా రిటైర్మెంటు కాగితాల్లో ఎక్కినది.

పెదనాయన నవ్వాడు. నవ్వు దగ్గయింది, నేనే లోపలికి పోయి నీళ్ళ చెంబు తెచ్చాను. తాగి, కళ్ళు తుడుచుకొని, ఈసారి మాత్రం చివరిదాకా చెప్పాడు.

"నిన్ను బడిలో చేర్పించింది నేనే. మీ నాయన బెంగుళూరులో కట్టడం పనికి పోయినాడు. చెయ్యి తల మీదుగా పెట్టి చెవి అందుకొన్నావు, సరి, చేర్చుకొంటాము అన్నాడు హెడ్మాస్టరు. పుట్టిన తేదీ ఏమి అన్నాడు. మీ అమ్మను అడిగితే శెనక్కాయ పీకేటప్పుడు అని ఉండె. అది రాసుకొనేదానికి లేదంట, తేదీనే కావాలంట. నేనేమి చేసేది? జేబులో వక్కల పొట్లం ఉండె. విప్పినాను. కాలెండరు కాగితం. అదే చూపించి, ఇదే సారూ అన్నాను. ఏ ఏడన్నది ఆయన వేసుకొన్నాడు, తేదీ నేను ఇచ్చినాను. వక్కలు ఇద్దరమూ నమిలినాము."

వేరుశెనగ చేలో శెనక్కాయ పీకేది వానల తరవాత. నా తేదీ నడి ఎండాకాలం. యాభై తొమ్మిదేళ్ళుగా ఈ ఒక్కటీ నాకు తట్టలేదు. అందరి తేదీలూ సరిచూసినవాణ్ణి, నాది ఎన్నడూ చూసుకోలేదు. నా బల్ల దగ్గర కార్డులు పట్టుకొని నిలబడ్డ ముసలమ్మలు గుర్తొచ్చారు. "నాకేమి తెలుసు సామీ, అప్పుడు ఎవరో రాసినారు" అనేవాళ్ళు. అట్లా ఎట్లా తెలియదు అని కసిరి పంపేవాణ్ణి. ఎంతమందిని ఎన్ని బస్సులెక్కించి తిప్పానో! అంతా ఒక వక్కల పొట్లం ఇచ్చిన అధికారంతో.

"చెప్పేదా గ్రూపులో?" అన్నాడు పెదనాయన.

"పెదనాయనా..."

"నీ ఆఫీసోళ్ళు ఎవరన్నా ఉండారా గ్రూపులో?"

లేరన్నాను. అయినా నా చెమట ఆయనకు కనబడింది.

"తప్పైంది పెదనాయనా" అన్నాను. కోడి వైపు చూస్తూ అన్నాను.

"ఏమి? వినబడలేదు."

"తప్పైంది అన్నాను."

"నన్ను అన్నది మైకులో కదా. ఇదీ మైకులోనే చెప్పు" అన్నాడు.

న్యాయమే. అక్కడే నిలబడి, ఫోను నోటి దగ్గర పెట్టుకొని, అందరూ వినేలా చెప్పాను. "పెదనాయనను నేను అట్లా అనింది తప్పు. రేపటి నుంచి ఆయనే చెప్పాలి. నేను ఎర్రగీతలు గీయను. నాకు ఆయన గొంతు కావాలి. అమ్మకూ కావాలి." కోడి అప్పుడు తల తిప్పి చూసింది. పెదనాయన నా ఫోను చెవి దగ్గర పెట్టుకొని రెండుసార్లు విన్నాడు. "సౌండు కొంచెం తక్కువ" అన్నాడు. చెబుతాననీ అనలేదు, చెప్పననీ అనలేదు. గుప్పెడు వక్కలు కాలెండరు కాగితంలో చుట్టి నా జేబులో పెట్టాడు.

మర్నాడు పొద్దున ఐదున్నరకే నాకు మెలకువ వచ్చింది. అమ్మ మంచం పక్కన కూర్చున్నాను. ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకొని, కళ్ళు మూసుకొని ఉంది. ఆరైంది. మోగలేదు. ఐదు నిమిషాలైంది. అమ్మ అటు తిరగబోయింది. అప్పుడు గుయ్యిమంది.

"సొంతక్కారులందరికీ వణక్కం! ఈ దినం ఏమి దినం?" టీ జుర్రిన చప్పుడు. "ఈ దినం నా తమ్ముని కొడుకు పుట్టినాడు. తేదీలు సరిచూసే సారు. పెద్ద చదువు, పెద్ద ఉద్యోగం. తప్పని ఎవరన్నా అనేదుంటే హరూరు ఆఫీసుకు పోయి ఆయన్నే అడగండి. మనిషి చంద్రుని మీద దిగింది కూడా ఈ దినమే. ఇప్పుడు ఒక జోకు. ఒకడు పిలవని పెండ్లికి పోయినాడు..."

నవ్వు మొదలైంది, దగ్గు మొదలైంది. అది నా సర్వీసు పుస్తకంలోని తేదీ కాదు. శెనక్కాయ కాలమూ కాదు. పెట్టెలో చెయ్యి పెడితే వచ్చిన ఏదో ఒక సోమవారం. గ్రూపు నిండా కేకులు, పూలు, దండాలు వచ్చి పడుతున్నాయి. నా భార్య వంటింట్లో పాయసానికి పాలు పెట్టేసింది.

"ఈ దినమేనా అమ్మా, నేను పుట్టింది?" అని అడిగాను.

అమ్మ నా తల తడిమి చూసుకొని, "అవును నాయనా, ఈ దినమే. బావ చెప్పినాడు కదా. సరి, తెల్లారింది" అని కాళ్ళు మంచం దించింది.

ఆ ఇంట్లో తేదీలు సరిదిద్దేవాడు ఒక్కడే ఉన్నాడు. ఆ పూట వాడు నోరు మూసుకొని పాయసం తాగాడు.